పట్టికలో దూరం, పొలంలో దూరం: పందొమ్మిదో శతాబ్దపు ఫిరంగులు

(హైదరాబాదులో ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభికుల ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఈ సభ సంగతి తెలిసి ఒక మిత్రుడు ఫోన్ చేశారు. "పందొమ్మిదో శతాబ్దంలో ఏ ఫిరంగి గొప్పదో చెప్పేసి కూర్చోండి, పావుగంటలో అయిపోతుంది" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. యుద్ధ చరిత్ర పుస్తకాల వెనక పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. ఫిరంగి బరువెంత, గొట్టం వెడల్పెంత, గుండు ఎంత దూరం పోతుంది అని. ఎక్కువ దూరం కొట్టేదానికి ఎక్కువ మార్కులు వేసేస్తే సరిపోతుంది. ఫిజిక్స్ చెప్పుకున్నవాణ్ణి కాబట్టి పట్టికలంటే నాకూ ఇష్టమే. కానీ ఆ పట్టిక పట్టుకుని ఏ యుద్ధం ఎలా ముగిసిందో చెప్పమంటే మాత్రం చాలాసార్లు జవాబు తేడా కొడుతుంది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తేడా గురించే.

మన గన్‌ఫౌండ్రీ మీదుగా రోజూ వెళ్లేవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉండి ఉంటారు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఫిరంగులు పోయించిన చోటు అది. అక్కడ తయారైన ఫిరంగికీ, 1815లో వాటర్లూలో పేలిన ఫిరంగికీ సూత్రంలో తేడా ఏమీ లేదు. నున్నటి గొట్టం, మూతి నుంచి మందు, దాని మీద గుండు. ఆ గుండు కూడా ఎక్కువగా పేలేది కాదు, ఉత్త ఇనుప ఉండ.

మరి పేలని ఇనుప ఉండ అంత మందిని ఎలా చంపింది? చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది చూడండి, అది కూడా నేల మీద అలాగే పోయేది. మొదటిసారి నేలను తాకి, మనిషి ఎత్తు దాటకుండా లేచి, మళ్లీ పడి, మళ్లీ లేచి వెళ్లేది. ఆ దారిలో బారులు తీరిన సైనికులుంటే ఒక్క గుండు వరసగా చాలామందిని పడగొట్టేది. అంటే ఆ ఫిరంగి బలం సగం గొట్టంలో ఉంటే, మిగతా సగం నేలలో ఉందన్నమాట. నేల గట్టిగా ఉండాలి, చదునుగా ఉండాలి.

వాటర్లూలో ముందురోజు రాత్రంతా వాన. పొలాలన్నీ బురద. గుండు పడితే లేవదు, కూరుకుపోతుంది. బరువైన ఫిరంగుల్ని ఆ బురదలో కదిలించడమూ కష్టమే. నేల కాస్త ఆరాలని నెపోలియన్ యుద్ధాన్ని పొద్దెక్కేదాకా ఆపాడు. దాదాపు 80 ఫిరంగులు ఒక వరసలో నిలబెట్టి కొట్టించాడు. అవతల వెల్లింగ్టన్ తన సైన్యంలో ఎక్కువ భాగాన్ని మిట్టకు వెనకవైపు వాలులో దాచాడు. ఫిరంగి మంచిదే, గన్నర్లు ఆరితేరినవాళ్లే. నేలా, వాలూ కలిసి వాళ్ల దెబ్బ తగ్గించేశాయి. ఏ పట్టికలోనైనా బురదకు ఒక గడి కేటాయించి ఉండటం నేనైతే చూడలేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఈ విషయం అర్థం చేసుకోవడానికి రెండో సిక్కు యుద్ధం చక్కటి ఉదాహరణ. సిక్కుల ఫిరంగులను తక్కువ అంచనా వేయకండి. రంజిత్ సింగ్ లాహోర్‌లో ఫిరంగులు పోయించాడు, కోర్ట్ అనే ఫ్రెంచివాడి లాంటి ఐరోపా అధికారులతో గన్నర్లకు శిక్షణ ఇప్పించాడు. అంతకుముందు మొదటి సిక్కు యుద్ధంలో, 1845 డిసెంబరులో ఫిరోజ్‌షా దగ్గర కంపెనీ సైన్యం తెచ్చిన తేలికపాటి ఫిరంగులు సిక్కుల బరువైన ఫిరంగుల ముందు నిలవలేకపోయాయి.

బ్రిటిష్ సేనాపతి హ్యూ గఫ్. ధైర్యానికి లోటు లేని మనిషి, ఓపికకే లోటు. ఆ మొదటి యుద్ధంలోనే సోబ్రావ్ దగ్గర ఫిరంగులకు మందుగుండు అయిపోవచ్చిందని చెబితే, "దేవుడి దయ, ఇక బాయినెట్లతో మీద పడతాను" అన్నాడని చెప్పుకుంటారు. అన్నాడో లేదో గానీ, ఆయన యుద్ధాలు చూస్తే అని ఉంటాడనే అనిపిస్తుంది.

1849 జనవరి 13, చిలియన్‌వాలా. మధ్యాహ్నం వాలింది. ఎదురుగా చిట్టడివి, తుప్పలు. సిక్కుల బారు ఎక్కడుందో సరిగ్గా కనబడదు. గఫ్ విడిది చేద్దామనే అనుకున్నాడు గానీ, సిక్కు ఫిరంగులు పేలేసరికి దాడికి దిగాడు. కాసేపు ఫిరంగులు కొట్టించి కాల్బలాన్ని తుప్పల్లోకి తోలాడు. 24వ రెజిమెంటు ఆగి కాల్పులు జరపకుండా బాయినెట్లతోనే ఫిరంగుల మీదికి వెళ్లింది. ఆ ఒక్క రెజిమెంటులోనే చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 500 మందికి పైగా. మొత్తం నష్టం 2,300కు పైనే. లండన్‌లో గగ్గోలు పుట్టింది. గఫ్ స్థానంలో చార్లెస్ నేపియర్‌ను పంపాలని నిర్ణయించారు.

నేపియర్ వచ్చేలోపే, సరిగ్గా 39 రోజులకు, ఫిబ్రవరి 21న గుజ్రాత్ దగ్గర మళ్లీ యుద్ధం జరిగింది. మన గుజరాత్ కాదు, పంజాబులో ఉన్న ఊరు. అదే గఫ్, అదే శత్రువు. ఈ మధ్యలో ముల్తాన్ ముట్టడి ముగిసింది, అక్కడి బలగమూ ఫిరంగులూ వచ్చి కలిశాయి. ఏనుగులు లాగే, 18 పౌండ్ల గుండు వేసే ఫిరంగులతో కలిపి మొత్తం వందకు కాస్త అటూఇటూ. సిక్కుల దగ్గర 60 దాకా. అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ బయలు నేల. పొద్దున్నే మొదలు. ఈసారి గఫ్ రెండు మూడు గంటల పాటు ఫిరంగుల్నే మాట్లాడనిచ్చాడు. సిక్కు గన్నర్లు ఫిరంగుల్ని వదలకుండా నిలబడి చచ్చిపోయారు. ఆ తర్వాతే కాల్బలం కదిలింది. బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు వందలోపే.

ఈ 39 రోజుల్లో ఫిరంగి శాస్త్రం అంగుళం కూడా ముందుకు పోలేదు. సంఖ్య పెరిగిన మాట నిజం, దాన్ని నేను కాదనను. కానీ చిలియన్‌వాలాలో ఇంకో 30 ఫిరంగులుండి ఉంటే మాత్రం ఆ తుప్పల్లో ఏం చూసి కొట్టేవారు? ఎంత వెలుతురులో, ఎలాంటి నేల మీద, ఎంతసేపు కొట్టనిచ్చారన్నది లెక్కలోకి రావాలి.

ఇక్కడి నుంచి గొట్టం మారడం మొదలైంది. లోపల మెలికల గాడులు, అంటే రైఫ్లింగ్. గుండు కోలగా ఉంటుంది, తన చుట్టూ తాను తిరుగుతూ పోతుంది. 1859లో సోల్ఫెరినో దగ్గర ఫ్రెంచివాళ్లు రైఫ్లింగ్ ఉన్న ఫిరంగులతో ఆస్ట్రియన్లను ఇబ్బంది పెట్టారు. దాంతో ప్రపంచమంతా నున్న గొట్టం పని అయిపోయిందనుకుంది.

అమెరికా అంతర్యుద్ధానికి వెళ్దాం. అక్కడ రెండు రకాలూ పక్కపక్కనే పనిచేశాయి కాబట్టి పోల్చడానికి వీలు. ఒకటి 12 పౌండ్ల గుండు వేసే కంచు ఫిరంగి, నున్న గొట్టం. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పేరు మీద దాన్ని "నెపోలియన్" అనే పిలిచేవారు. రెండోది పెన్సిల్వేనియాలో తయారైన మూడంగుళాల ఆర్డ్‌నెన్స్ రైఫిల్. చేత ఇనుముతో చేసినది, బరువు చాలా తక్కువ, గురి అద్భుతం. ఒక తమాషా చూడండి. గొట్టం మూతి దగ్గర నెపోలియన్ గుండు వేగం సెకనుకు దాదాపు 440 మీటర్లు. రైఫిల్ గుండుది 370 మాత్రమే. కానీ గుండ్రటి ఉండ గాలిని తట్టుకోలేక వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. కోలగా ఉన్నది నిలబెట్టుకుంటుంది. అందుకని దూరంలో రైఫిల్‌దే పైచేయి. పట్టిక ప్రకారం రైఫిల్ గెలిచినట్టే.

అయితే రెండు సైన్యాల్లోనూ నెపోలియన్‌ను వదులుకోవడానికి ఇష్టపడని గన్నర్లు ఉండనే ఉన్నారు. ఎందుకంటే ఆ యుద్ధాల్లో చాలా భాగం అడవుల్లో, గుట్టల మధ్య జరిగాయి. మైలున్నర కొట్టే ఫిరంగి ఉన్నా, మైలున్నర కనబడే చోటు ఏదీ? శత్రువు 300 గజాల దూరంలో చెట్ల మాటు నుంచి బయటికొస్తే అప్పుడు కావాల్సింది క్యానిస్టర్. రేకు డబ్బాలో నింపిన ఇనుప గోళీలు. నెపోలియన్ డబ్బాలో 27 ఉండేవి, ఒక్కోటి పెద్ద నిమ్మకాయకు కాస్త చిన్న. మరీ దగ్గరికొచ్చేస్తే రెండు డబ్బాలు కూరేవారు. ఫిరంగి కాస్తా రాక్షసి తుపాకీ అయిపోతుంది. మూడంగుళాల గొట్టంలో అన్ని గోళీలు పట్టవు. ఆ 300 గజాల దగ్గర నన్ను ఎంచుకోమంటే, కళ్లు మూసుకుని నెపోలియనే తీసుకుంటాను.

ఇక గెటీస్‌బర్గ్. 1863 జూలై 3, మధ్యాహ్నం ఒంటిగంట. దక్షిణాది వైపు కర్నల్ పోర్టర్ అలెగ్జాండర్ కింద, ఆ చుట్టుపక్కలా కలిపి 150 దాకా ఫిరంగులు. సెమెటరీ రిడ్జ్ మీది ఉత్తరాది బారును పగలగొట్టాలి, ఆ తర్వాత జనరల్ పికెట్ వగైరాల కాల్బలం వెళ్లాలి. ఆ ఖండంలో అప్పటిదాకా అంతటి ఫిరంగి మోత లేదు. ఫలితం మాత్రం చాలా తక్కువ.

కారణం గన్నర్ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఒకడు తడి గుడ్డతో గొట్టం తుడుస్తాడు, లేకపోతే లోపల మిగిలిన నిప్పురవ్వకు కొత్త మందు అంటుకుంటుంది. ఇంకొకడు మందు సంచీ, గుండూ పెడతాడు. పొడవాటి కర్రతో దట్టిస్తారు. ఆ దట్టించేంతసేపూ ఒకడు వెనక రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచాలి, గాలి చొరబడకుండా. తర్వాత ఆ రంధ్రంలోంచి సూది గుచ్చి సంచీ చింపి, అందులో నిప్పు పుట్టించే చిన్న గొట్టం పెట్టి, తాడు లాగుతారు. ఫిరంగి చక్రాలతో సహా కొన్ని అడుగులు వెనక్కి దూకుతుంది. అందరూ కలిసి తోసి మళ్లీ ముందుకు తెస్తారు. మళ్లీ మొదటి నుంచి గురి. నిమిషానికి రెండు, మహా అయితే మూడు. పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకీమందు కాబట్టి రెండో దెబ్బకే పొగ కమ్మేస్తుంది. తమ గుండు ఎక్కడ పడిందో వాళ్లకు కనబడదు. గురి కొంచెం పైకి పోయినా తెలుసుకునే దారి లేదు, సరిచేసుకునే దారీ లేదు. అవతలి బారు సన్నం. గుండ్లు చాలా వరకు దాని తల మీదుగా పోయి వెనక వాలులో పడ్డాయి. ఉత్తరాది సేనాపతి జనరల్ మీడ్ విడిది ఇంటి దగ్గర గుర్రాలు చచ్చాయి, వంటవాళ్లూ బండివాళ్లూ పరుగులు తీశారు. ముందు గోడ దగ్గర పడుకున్న కాల్బలం మాత్రం చాలా వరకు క్షేమం. దక్షిణాది ఫ్యూజులు, అంటే గుండును పేల్చే వత్తులు, కూడా నమ్మదగ్గవి కావు. ఆ ఏడాది మార్చి 13న దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లోని మందుగుండు కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది ఆడపిల్లలే. ఆ తయారీ వ్యవస్థ ఎంత ఒత్తిడిలో ఉందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అవతల ఉత్తరాది ఫిరంగుల అధిపతి హెన్రీ హంట్. కాసేపు జవాబిచ్చి, కాల్పులు ఆపేయమన్నాడు. మందుగుండు దాచుకోవాలి, అసలు దాడి ఇంకా రాలేదు కదా. ఆ నిశ్శబ్దం చూసి, కొన్ని ఫిరంగులు వెనక్కి వెళ్లడమూ చూసి, ఇదే అదను, త్వరగా రమ్మని అలెగ్జాండర్ పికెట్‌కు చీటీ రాశాడు. పన్నెండు వేల పైచిలుకు మంది బయలు నేల మీదికి వచ్చారు. పక్కనున్న లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీది రైఫిల్ ఫిరంగులు వాళ్ల బారును ఏటవాలుగా, ఒక చివర నుంచి ఇంకో చివరకు కొట్టాయి. రైఫిల్ ఫిరంగికి అంతకంటే మంచి చోటు ఉండదు. దగ్గరికి వచ్చాక క్యానిస్టర్. గోడ దగ్గర బ్యాటరీ, అంటే ఒక ఫిరంగుల జట్టు, నడిపిన అలాంజో కుషింగ్‌కు 22 ఏళ్లు, గాయాలతోనే నిలబడి అక్కడే చనిపోయాడు. ఆయనకు అమెరికా అత్యున్నత పతకం 2014లో ఇచ్చారు. దాడికి వెళ్లినవాళ్లలో సగానికి పైగా చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది.

(సభికుడు: అయితే సార్, మంచి ఫిరంగి ఉన్నా ఉపయోగం లేదంటారా?)

అలా అనడం లేదండీ. ఇప్పుడు అప్పటి జర్మన్ రాజ్యాల్లో బలమైన ప్రష్యా సంగతి చెబుతాను, మీకే తెలుస్తుంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఎస్సెన్‌లో ఆల్ఫ్రెడ్ క్రుప్ ఉక్కు ఫిరంగులు చేస్తున్నాడు. కంచు కాదు, ఇనుము కాదు, పోత ఉక్కు. వెనక నుంచి నింపేవి. 1866లో ఆస్ట్రియాతో యుద్ధానికి వెళ్లేనాటికి ప్రష్యా దగ్గర అవి ఉన్నాయి. ఆస్ట్రియా దగ్గర ఉన్నవి మూతి నుంచి నింపే కంచు రైఫిల్ ఫిరంగులు. పట్టికలో ప్రష్యాదే పైచేయి అనిపిస్తుంది. జూలై 3న కూనిగ్‌గ్రాట్స్ దగ్గర జరిగింది మాత్రం వేరు. ఆస్ట్రియన్ గన్నర్లు లీపా, క్లుమ్ మిట్టల మీద చోటు చూసుకుని, దూరాలు ముందే కొలిచి గుర్తులు పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాకా ప్రష్యన్ కాల్బలాన్ని అడవుల్లో కదలనివ్వలేదు. ప్రష్యా ఫిరంగులేమో సైనిక వరసల తోకలో ఎక్కడో చిక్కుకుని, వచ్చినవి వచ్చినట్టు ముక్కలు ముక్కలుగా పోరులోకి దిగాయి. కొన్ని బ్యాటరీల్లో ఇంకా పాత నున్న గొట్టాలే. కొత్త ఉక్కు గొట్టాలు కొన్ని పేలిపోయాయి కూడా. ఫిరంగి పోగొట్టుకోవడం పరువు తక్కువ అనే పాత నమ్మకం వల్ల, అపాయం అనిపిస్తే వెనక్కి లాక్కెళ్లేవారు. ప్రష్యా ఆ రోజు గెలిచింది వెనక నుంచి నింపే తన నీడిల్ గన్ తుపాకీ వల్ల, యువరాజు సైన్యం సమయానికి వచ్చి పక్క నుంచి మీద పడటం వల్ల. ఓడిపోయిన ఆస్ట్రియా సైన్యం తప్పించుకుని నది దాటగలిగిందంటే, ఆ ఫిరంగులు చివరిదాకా నిలబడటం పెద్ద కారణం. క్లుమ్ దగ్గర కెప్టెన్ ఫన్ డర్ గ్రోబెన్ బ్యాటరీ దాదాపు మొత్తం అక్కడే నేలకొరిగింది. దాన్ని ఇప్పటికీ "మృతుల బ్యాటరీ" అంటారు.

గెలిచిన సైన్యం సాధారణంగా తన లోపాలను వెతుక్కోదు. ప్రష్యా వెతుక్కుంది. ఫిరంగుల ఇన్‌స్పెక్టర్ జనరల్ ఫన్ హిండర్సిన్ 1867లో బెర్లిన్‌లో గురి నేర్పే పాఠశాల పెట్టించాడు. నున్న గొట్టాలు పక్కన పెట్టేశారు. ఫిరంగులు వరస తోకలో కాదు, తల దగ్గర నడవాలన్నారు. కాల్బలం కోసం ఆగకుండా ముందే వెళ్లి, ఒక్కచోట గుంపుగా చేరాలి. చివరి గుండు దాకా కాల్చి ఫిరంగి శత్రువు చేతికి చిక్కినా అది సిగ్గుచేటు కాదు.

నాలుగేళ్లు గడిచాయి. 1870, ప్రష్యా, మిగతా జర్మన్ రాజ్యాలు కలిసి ఫ్రాన్స్‌తో యుద్ధం. ఫిరంగి రకం దాదాపు అదే, సైన్యం అదే. ఫలితం చూస్తే వేరే సైన్యమా అనిపిస్తుంది.

ఫ్రాన్స్ వైపు పరిస్థితి చూడండి. తుపాకీ విషయంలో వాళ్లదే పైచేయి. షాస్‌పో తుపాకీ నీడిల్ గన్ కంటే రెట్టింపు దూరం కొట్టేది. ఫిరంగులు మాత్రం సోల్ఫెరినో నాటి కంచువే. అసలు బలహీనత ఫ్యూజులో ఉంది. వాళ్లు ఎక్కువగా వాడింది కాలం మీద పేలే ఫ్యూజు. దాన్ని రెండే రెండు దూరాలకు అమర్చగలిగేవారు. మధ్యలో కిలోమీటరుకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో ఉన్న జర్మన్ బ్యాటరీ తల మీదో, ముందో గుండు గాల్లో పేలిపోయి ఊరుకునేది. జర్మన్లది తగిలితే పేలే ఫ్యూజు. అది నేలను తాకి పేలినప్పుడు పొగ లేస్తుంది. గన్నర్ ఆ పొగ చూస్తాడు. ముందు పడిందా, వెనక పడిందా? రెండు మూడు దెబ్బల్లో దూరం సరిచేసుకుంటాడు. గెటీస్‌బర్గ్ గన్నర్‌కు లేనిదీ, ఇతనికి ఉన్నదీ అదే: తన తప్పును కళ్లారా చూసుకునే అవకాశం. నా దృష్టిలో ఆ యుద్ధంలో క్రుప్ ఉక్కు కంటే ఈ ఫ్యూజు చేసిన పనే ఎక్కువ. దీంతో ఒప్పుకోని చరిత్రకారులు ఉన్నారు, ఉండనీయండి.

ఫ్రెంచివాళ్ల దగ్గర మిత్రాయోజ్ అని ఇంకో ఆయుధం ఉండేది. 25 గొట్టాల కట్ట, మర తుపాకీకి తాత లాంటిది. ఎంత రహస్యంగా ఉంచారంటే, దాన్ని వాడాల్సిన సైనికులకే సరిగ్గా తెలియదు. దాన్ని ఫిరంగిలా దూరంలో నిలబెట్టి జర్మన్ ఫిరంగులకు ఎర చేశారు. అంతకంటే దాని గురించి చెప్పుకోవాల్సింది లేదు.

ఆగస్టు 18, గ్రావెలోట్–సాఁ ప్రివా. ఇక్కడ జర్మన్లు కూడా పాఠం మరిచిపోయారు. ఫిరంగుల పని పూర్తి కాకముందే ప్రష్యన్ గార్డు దళాన్ని బయలు వాలులో సాఁ ప్రివా ఊరి మీదికి పంపారు. షాస్‌పో తూటాలకు కాసేపట్లోనే దాదాపు 8 వేల మంది పడిపోయారు. అప్పుడు ఫిరంగుల్ని ముందుకు తెచ్చి ఊరిని మంటల్లో ముంచాక గానీ అది చేతికి రాలేదు. అదే రోజు వెర్నెవిల్ దగ్గర మరీ ముందుకు దూసుకెళ్లిన జర్మన్ బ్యాటరీలను షాస్‌పోలు ఊచకోత కోశాయి. ముందుకెళ్లమని చెప్పిన సూత్రానికి హద్దు ఎక్కడుందో ఆ గన్నర్లు ప్రాణాలిచ్చి తెలుసుకున్నారు.

రెండు వారాల తర్వాత సెడాన్. మ్యూజ్ నది పక్కన పల్లంలో ఊరు, చుట్టూ గుట్టలు. ఫ్రెంచి సైన్యం ఆ పల్లంలో చేరింది. ముందురాత్రే జనరల్ డ్యూక్రో మ్యాప్ చూసి అన్న మాట ఒకటుంది, మూత్రపాత్రలో ఉన్నామనీ, తెల్లారాక మన మీద ఏం పడబోతుందో తెలుసుననీ. సభా మర్యాద కోసం ఇంతటితో ఆపేస్తాను. సెప్టెంబరు 1న జర్మన్ ఫిరంగులు వందల సంఖ్యలో ఆ గుట్టల మీద వలయంలా నిలబడ్డాయి. గార్డు ఫిరంగుల అధిపతి హోహెన్‌లోహె రాకుమారుడు. అన్ని వైపుల నుంచీ పల్లంలోకి కొట్టడమే. ఫ్రెంచి ఫిరంగులు జవాబివ్వడానికి దూరం చాలదు. ఫ్లోయఁ దగ్గర ఫ్రెంచి జనరల్ మార్గరీత్ ఆశ్వికదళం మళ్లీ మళ్లీ దూకి రాలిపోయింది. మర్నాడు మూడో నెపోలియన్ చక్రవర్తితో సహా లక్షకు పైగా సైన్యం బందీ అయింది. జర్మన్ల నష్టం 9 వేల చిల్లర.

(సభికురాలు: అంటే ఆ తర్వాత ఫిరంగికి తిరుగులేదన్నమాట?)

అందరూ అలాగే అనుకున్నారమ్మా. ఏడేళ్లు తిరక్కుండానే బల్గేరియాలో ప్లెవ్నా వచ్చింది. 1877లో రష్యా, తుర్కీ యుద్ధం. తుర్కీ సేనాని ఉస్మాన్ పాషా ఆ ఊరి చుట్టూ మట్టి కోటలూ కందకాలూ తవ్వించాడు. రాయి కాదు, ఉత్త మట్టి. సెప్టెంబరులో రష్యన్లూ రుమేనియన్లూ కలిసి 400కు పైగా ఫిరంగులతో నాలుగు రోజులు ఏకధాటిగా కొట్టారు. గుండు మట్టిలో కూరుకుపోయి పేలితే ఒక బుట్టెడు మట్టి లేస్తుంది, అంతే. రాత్రి పూట తుర్కీలు పారలతో పూడ్చేసుకునేవారు. మైదాన ఫిరంగి గుండు చదునుగా దూసుకుపోతుంది కదా, కందకం అడుగున కూర్చున్న మనిషి తల మీద పడదు. ఐదో రోజు కాల్బలం వెళ్లింది. 15 వేల మందికి పైగా నష్టపోయి వెనక్కి వచ్చింది. చివరికి ప్లెవ్నా లొంగింది డిసెంబరులో, ఆకలికి.

ఫిజిక్స్‌లో దీనికి జవాబు తేలికే. గుండును ఎత్తుగా లేపి నిలువుగా పడేలా చేయాలి, అంటే హోవిట్జర్. ఆ తర్వాత రష్యా ఆరంగుళాల మైదాన మోర్టార్లు తెచ్చింది, జర్మనీ 1898లో తేలిక హోవిట్జర్ తీసుకుంది. ఫ్రాన్స్ మాత్రం వేరే దారిలో వెళ్లి 1897లో 75 మిల్లీమీటర్ల ఫిరంగి చేసింది. పేల్చినప్పుడు వెనక్కి దూకేది గొట్టం ఒక్కటే, బండి కదలదు. నిమిషానికి 15 గుండ్లు. ఇందాక చెప్పిన తోపుడు, మళ్లీ గురి, ఆ బాధంతా పోయింది. దాన్ని చూసి ఫ్రెంచి సైన్యం ఎంత మురిసిపోయిందంటే, ఇది ఉండగా హోవిట్జర్లు ఎందుకని వాటిని పెద్దగా పట్టించుకోలేదు. 1914లో జర్మన్లు మట్టిలో కందకాలు తవ్వుకుని కూర్చున్నప్పుడు ఆ 75 గుండ్లు కూడా చదునుగానే పోయాయి.

ఇంకా ప్రశ్నలుంటే అడగండి, టీ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.